నాలుగో జ్వరం

అక్కమ్మ ఇంట్లో మనుషుల కంటే పురుగులకే మర్యాద ఎక్కువ. తమిళనాడులో, హోసూరు దాపున కెలమంగలం పక్కనున్న ఆ తెలుగు పల్లెలో పట్టుపురుగులు పెంచే ఇళ్ళన్నీ అంతే అనుకోండి, కానీ అక్కమ్మ వాళ్ళందరి కంటే ఒక మెట్టు పైన. పురుగుల గదికి రెండు పక్కలా పెద్ద కిటికీలు, మనుషులు పడుకునే గదికి మాత్రం పిల్లి దూరేంత సందు. పురుగులకు వేళ తప్పకుండా లేత మల్బరీ ఆకు, మొగుడు అశ్వత్థప్పకు వీలైనప్పుడు రాగిసంగటి. "నేను గూడా పురుగై పుట్టుంటే బాగుండు" అని ఆయన సణిగేవాడు. "పుట్టుంటే గూడు కట్టినాక ఉడకబెట్టేస్తా ఉంటిని" అని ఆమె ఠక్కున అందుకునేది.

ఈ పురుగుల సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడిన నాటి నుంచి గూడు కట్టేలోపల నాలుగుసార్లు మేత మానేసి, కదలక మెదలక పడి ఉండి, పాత చర్మం విడిచి లేస్తుంది. ఆ పడి ఉండటాన్ని ఈ చుట్టుపక్కల జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా. నాలుగో జ్వరం లేచిందంటే రైతు మొహం విప్పారుతుంది. అప్పటి నుంచి పురుగులకు ఆకలే ఆకలి, ఇంటిల్లిపాదికీ ఆకు మోయడమే పని. దారిలో ఎదురుపడితే "మీది ఎన్నో జ్వరం?" అని పలకరించుకుంటారు. "మాది మూడో జ్వరంలో ఉండాది" అని సంతోషంగా బదులిస్తారు. కొత్తవాళ్ళు వింటే ఊరికి ఊరే మంచం పట్టిందని హడలిపోతారు.

ఇంత సేవ చేయించుకున్న పురుగులు అక్కమ్మకిచ్చింది డబ్బొక్కటే కాదు, ఆయాసం కూడా. పురుగుల పొట్టు పడలేదో, గదిలో చల్లే సున్నం పడలేదో, పంట వచ్చిందంటే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. పడుకుంటే ఊపిరి అందేది కాదు. గోడకు వీపు ఆనించి కూర్చునే తెల్లవార్చేది. పురుగులు మానేద్దామంటే ఉన్న చేనంతా మల్బరీయే, బోరు తవ్వించిందీ దాని కోసమే. అక్కమ్మకు వేరే పని మీద మనసు కూడా పోయేది కాదు. ఆ వీధిలో ఇంటికొకరికి ఇదే బాధ. సూది వేయించుకుని మళ్ళీ పురుగుల తట్టల దగ్గరికి పోవడం వాళ్ళకు అలవాటైపోయింది.

కృష్ణగిరి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడు కెలమంగలం సర్కారు ఆసుపత్రికి రశ్మి అనే డాక్టరు వచ్చింది. బెంగళూరు అమ్మాయి, తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేది. ఒకరోజు అక్కమ్మ ఊపిరి ఎగబీలుస్తూ వస్తే, రశ్మి సూది వేసి ఊరుకోకుండా తన సంచిలోంచి బొటనవేలంత పంపు ఒకటి తీసింది. "దీన్ని నోట్లో పెట్టుకోండమ్మా. నేను నొక్కినప్పుడే నిదానంగా లోపలికి పీల్చండి" అంది. ఆ పంపు ఇంటికిచ్చి రోజూ పీల్చమని చెప్పింది. వారం తిరిగేసరికి అక్కమ్మకు తన ఛాతీ మీద కూర్చున్న మనిషెవరో లేచి పోయినట్టయింది. పంపు ఖాళీ కాగానే ఆ మనిషి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఇంత మంచి మందు ఈడ అందరికీ ఇస్తే ఏమమ్మా?" అని అడిగింది అక్కమ్మ.

"అది నేను ఫ్రీగా తెచ్చిన శాంపిల్ అమ్మా. సర్కారు మందుల్లో ఇంకా చేరలేదు." రశ్మి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఏ కొత్త మందు జనానికి ఉచితంగా ఇవ్వాలా అని చూసేదానికి చెన్నైలో ఒక కమిటీ ఉంది. ఎంతమందికి ఈ బాధ ఉంది, మందు ధర ఎంత, పాత మాత్రలతో జరిగిపోదా, పల్లెలోళ్ళు దీన్ని సరిగ్గా వాడతారా, ఇవన్నీ చూసి చెప్తారు. ఈ పంపు సంగతి ఇప్పుడు వాళ్ళ ముందరుంది. మనిషిని పంపించి మిమ్మల్నే అడిగిస్తారంట. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

అక్కమ్మ సరేనంది. చెన్నై నుంచి వచ్చేవాళ్ళంటే జీపులో వస్తారని, కళ్ళద్దాలు పెట్టుకుని ఉంటారని ఆమె లెక్క.

వచ్చింది మాత్రం టౌను బస్సులో, చేతిసంచి తగిలించుకుని, చెమటలు కక్కుతూ ఒక పడుచుపిల్ల. పేరు తనూజ. పుట్టిల్లు ఒంగోలు వైపు. భర్తకు హోసూరు ఫ్యాక్టరీలో పని దొరికితే కొత్తగా ఇటు వచ్చింది. తెలుగు పల్లెల్లో అడగడానికి తెలుగు వచ్చినవాళ్ళు కావాలని ఆమెకు ఈ సర్వే పని ఇచ్చారు. తెలుగైతే వచ్చు గానీ ఆ తెలుగు రైలుబండి మాదిరి పరుగెత్తేది. అక్కమ్మకు సగం మాటలు చెవిన పడేలోపలే తక్కిన సగం వెళ్ళిపోయేవి.

"నమస్కారమండీ, గవర్నమెంటు సర్వే నుంచి వచ్చానండీ, మీ పరిస్థితి ఎలా ఉందో రెండు ముక్కలు అడిగి వెళ్ళిపోతానండీ."

సర్వే అంటూ ఆ గడప తొక్కింది ఇన్నేళ్ళలో పట్టుపరిశ్రమ శాఖవాళ్ళే. ఏడాదికోసారి వచ్చి ఎన్ని గుడ్లు తెచ్చారు, ఎంత పంట తీశారు అని అడిగి పోయేవాళ్ళు. ఈసారి ఆడపిల్లను పంపినట్టున్నారు అనుకుంది అక్కమ్మ. అప్పుడే మేత వేళ. ఆకు బుట్ట చంకన పెట్టుకుని పురుగుల గది గడప మీదే నిలబడింది. పరాయివాళ్ళను లోపలికి రానివ్వరు. ముందురోజు సాయంత్రమే సూది వేయించుకుంది కాబట్టి ఛాతీలో కూతలు కూడా లేవు.

"అడగమ్మా, బిన్నే అడుగు, తొందరగా. మేత వేళయింది."

"ఈ మధ్య జ్వరాలేమైనా వచ్చాయా అండీ?"

"ఆ, అన్నీ అయిపోయినాయి. నాలుగో జ్వరం మొన్ననే లేచింది."

"నాలుగుసార్లా! అయ్యయ్యో."

"అయ్యో ఏందమ్మా? నాలుగూ సరిగ్గా రావాల. రాకుంటేనే భయపడాల."

తనూజ ఒక్క క్షణం ఆమె మొహం వంక చూసి రాసుకుంది. "ఇప్పుడు ఆకలి ఎలా ఉందండీ?"

"దాని మాటే అడగొద్దు. రాత్రీ పగలూ మేతే. ఎంతేసినా చాలదు."

"ఊపిరి సంగతేంటండీ, గాలి బాగా ఆడుతోందా?"

"బ్రహ్మాండంగా ఆడతా ఉండాది. రెండు పక్కలా కిటికీలు పెట్టించినాము కదా."

"చాలా మంచి పని చేశారండీ. ఇంకేమైనా ఇబ్బందులు?"

"ఏమీ లేదమ్మా. ఈ వారంలో గూడు కట్టేస్తే మా కష్టం తీరిపోయినట్టే."

ఇల్లు కట్టుకుంటున్నారన్న మాట అనుకుని తనూజ సంతోషించింది. వీధిలో తక్కిన ఇళ్ళకూ పోయింది. ఆ వారం ఊరందరిదీ ఒకే పంట, అందరిదీ నాలుగో జ్వరమే. అందరికీ జ్వరం లేచింది, అందరికీ ఆకలి దంచేస్తోంది, అందరికీ గాలి ఆడుతోంది. ఇంత జబ్బుపడి ఇంత ధైర్యంగా ఉన్న ఊరిని తాను ఎక్కడా చూడలేదని ఆ రాత్రి భర్తకు చెప్పిందట.

ఆ తర్వాత పంటలో అక్కమ్మకు ఆయాసం ముంచుకొచ్చి ఆసుపత్రికి పోయింది. సూది వేశాక రశ్మి మూల వైపు చూపించింది. అక్కడ అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"పంపులు వచ్చినాయా తల్లీ!" అక్కమ్మ మొహం విచ్చుకుంది.

"జ్వరం మాత్రలమ్మా."

"ఎవరికి?"

"మీ ఊరోళ్ళకే. ఈ ప్రాంతంలో జనానికి పదే పదే జ్వరం వస్తా ఉందంట, ఊపిరి మాత్రం అందరికీ చక్కగా ఉందంట. కాబట్టి పంపు ఇప్పుడు అవసరం లేదు అని కమిటీవాళ్ళు రాసినారు. మీ ఇంటికొచ్చిన అమ్మాయికి మీరేం చెప్పినారు?"

అక్కమ్మ కాసేపు అట్టపెట్టెల వంక గుడ్లప్పగించి చూసింది. ఒక్కొక్క మాటే గుర్తొచ్చింది. నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! ఆ బిడ్డ నా సంగతి అడిగిందా? నేను పురుగుల సంగతి అడగతా ఉందనుకుంటిని కదమ్మా!"

రశ్మి ముందు నవ్వింది, నవ్వలేక బల్ల మీద తల వాల్చింది. తల ఎత్తేసరికి ఆమె కళ్ళలో నవ్వు లేదు. ఒకసారి వద్దన్న మందును మళ్ళీ కమిటీ ముందుకు తీసుకుపోవడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. హోసూరులోని సర్వే ఆఫీసుకు ఫోను చేసి తనూజను పట్టుకుంది.

మరునాడు పొద్దున్నే తనూజ అక్కమ్మ ఇంటి ముందు దిగింది. మొహం వాడిపోయి ఉంది. తిన్నె మీద కూర్చోగానే, "నన్ను క్షమించండి పిన్నిగారూ, నా వల్ల మీ ఊరందరికీ మందు పోయింది" అని ఏడవబోయింది.

"ఓసి పిచ్చిపిల్లా, తప్పు నీదేంది? పురుగుకు జ్వరమొస్తుందని ఒంగోల్లో ఎవరు చెప్తారు నీకు?" అంది అక్కమ్మ. అంతలో ఆ రోజు జరిగిన మాటలు మళ్ళీ గుర్తొచ్చాయి. "కిటికీలు పెట్టించినామంటే మంచి పని చేసినారంటివే!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. లోపలికి పోయిన గాలి బయటికి రాక, బయటి గాలి లోపలికి పోక, అక్కమ్మ తిన్నె అంచు పట్టుకుని వంగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

అశ్వత్థప్ప ఆటో కోసం పరుగెత్తాడు. దారి పొడుగునా తనూజ అక్కమ్మను తన ఒంటికి ఆనించుకుని వీపు రాస్తూనే ఉంది. "వచ్చేశామండీ, ఇదిగో వచ్చేశాం" అని అదే మాట అంటోంది. అక్కమ్మకు బదులు పలికే శక్తి లేదు. కానీ ఆ చెయ్యి తన వీపు మీద తిరుగుతున్నంతసేపు ఆమెకు భయం తగ్గింది. కన్నబిడ్డలు లేని అక్కమ్మకు ఆ చెయ్యి ఎంత చల్లగా తగిలిందో మాటల్లో చెప్పడం కష్టం.

సూది పట్టి ఊపిరి కుదుటపడ్డాక తనూజ అంది: "వచ్చే నెల కమిటీ వాళ్ళు కృష్ణగిరిలో కూర్చుంటారండీ. తప్పు నాదేనని నేనే లేచి చెప్తాను. మీరు కూడా వచ్చి మీ నోటితో చెప్పాలి."

"నీ పని పోతే?"

"మా ఆఫీసరు ఊరుకోమన్నారండీ. ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు."

"నీ కడుపు చల్లగుండ" అంది అక్కమ్మ.

తీరా చూస్తే కమిటీ కూర్చునే రోజు, అక్కమ్మ పురుగులు నాలుగో జ్వరం లేచే రోజు ఒకటే అయింది. సొంత అన్న కూతురి పెళ్ళికే ఆ రోజు గడప దాటని మనిషి ఆమె. ముందురోజంతా అశ్వత్థప్పకు పాఠం చెప్పింది. ఆకు తడిగా ఉండకూడదు, అన్నీ లేచేదాకా మేత వేయకూడదు, కిటికీకి గోనె కట్టాలి. అంతా చెప్పి, "నేను పోనులే" అంది.

"పో" అన్నాడు అశ్వత్థప్ప. "పంట పోతే ఇంకో పంట వస్తుంది. నువ్వు పోతే నాకెవరుండారు?" ఎప్పుడూ సణిగే మనిషి అంత సూటిగా అనేసరికి ఆమె తెల్లారగానే బస్సెక్కింది.

రాయకోట మీదుగా కృష్ణగిరి చేరేసరికి తనూజ, రశ్మి గుమ్మంలోనే ఎదురుచూస్తున్నారు. లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఒక పెద్ద డాక్టరు, వేలూరు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. ఒక పక్క ఒక డాక్టరమ్మ. ఇంకో పక్క మందుల ఖర్చు చూసే ఆయన, సన్నగా, బిగించిన మొహంతో ఉన్నాడు.

తనూజ లేచి జరిగిందంతా దాచకుండా చెప్పింది. పురుగుల జ్వరం మాట రాగానే డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన భుజాలు కదిలాయి. ఖర్చుల ఆయన మాత్రం నవ్వలేదు.

"తమాషాగానే ఉంది. కానీ మా దగ్గరున్న డబ్బు మూట ఒక్కటే" అన్నాడాయన అరవంలో. పెద్దాయన ఆ మాటల్ని తెలుగులో మళ్ళీ చెప్పబోతే అక్కమ్మ అర్థమైందన్నట్టు తల ఊపింది. "ఈ పంపులకు ఇస్తే ఇంకో దాంట్లో కొయ్యాలి. పాము కాటు మందులో కొయ్యమంటారా? కాన్పుల మందులో కొయ్యమంటారా? ఆయాసానికి మాత్రలు ఎట్లాగూ ఇస్తున్నాం."

అక్కమ్మకు కోపం రాలేదు. ఆ మనిషి అడిగింది న్యాయమేననిపించింది. ఆయన ఎవరి కోసమో కాపలా కాస్తున్నాడు.

"దేంట్లో కొయ్యాలో చెప్పే తెలివి నాకు లేదు సామీ" అంది. "పాము కరిచినోళ్ళ మందు తగ్గించి నాకియ్యమని అడిగితే నా నోరు పడిపోతుంది. నా సంగతి మటుకు చెప్తాను. ఆ మాత్రలు మింగితే చేతులు వణకతాయి, గుండె దడదడా కొట్టుకుంటుంది, ఆకు తరిగేదానికి కత్తి నిలవదు. రోజూ కూచునే నిద్రపోతాను. పోయినేడు మా అన్న చచ్చిపోయినాడు. కూడబుట్టినోడు. అందరూ శవం మీద పడి ఏడస్తా ఉండారు. నాకు ఏడ్చేదానికి ఊపిరి లేదు. మూల కూచోని గాలి కోసం పెనుగులాడతా ఉంటిని. చెల్లెలికి కంట్లో నీళ్ళు గూడా రాలేదే అని బంధువులు ఆడిపోసుకున్నారు. మా అన్న కోసం నేనింకా ఏడవలేదు సామీ."

డాక్టరమ్మ ముందుకు వంగి మెల్లగా అడిగింది: "ఆ పంపు వాడటం నీకు చేతనవుతుందామ్మా? చాలామంది తప్పుగా నొక్కి మందంతా గాలికి వదిలేస్తారు."

"మా డాక్టరమ్మ నేర్పించింది. రానోళ్ళకు నేను చూపిస్తాను. మా ఊరోళ్ళకు అరిచి చెప్పాల, అంతే."

అప్పుడు రశ్మి అందుకుంది. పంటల కాలంలో తన ఆసుపత్రిలో సూదులు ఎన్ని ఖర్చవుతాయో, పడకలు చాలక కాన్పుకు వచ్చినవాళ్ళను ఎలా వెనక్కి పంపాల్సి వస్తోందో చెప్పింది. ఖర్చుల ఆయన మొదటిసారి తల ఎత్తి, "ఆ పడకల లెక్క నా దగ్గర లేదే" అన్నాడు. రశ్మి చెబుతూ పోయింది, ఆయన రాసుకుంటూ పోయాడు.

చివరికి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "పట్టుపురుగులు పెంచే ఊళ్ళ ఆసుపత్రులకు ఒక ఏడాది ఇచ్చి చూద్దాం. సూదులూ పడకలూ తగ్గితే ఖర్చు అక్కడే తిరిగి వస్తుంది. తగ్గకపోతే మళ్ళీ మాట్లాడదాం. ఏమంటారు?" ఖర్చుల ఆయన కలం మూసి, "ఏడాది ఇవ్వొచ్చు" అన్నాడు.

అక్కమ్మ లేచి ముగ్గురికీ చేతులెత్తి మొక్కింది. అందరి కంటే ఎక్కువసేపు ఆ బిగుసుకున్న మొహం ఆయనకే మొక్కింది. ఆయన ఇబ్బందిగా కుర్చీలో కదిలి, తానూ చేతులు జోడించాడు. బయటికి వచ్చాక తనూజను గట్టిగా కావలించుకుంది. రశ్మి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఊరూ పేరూ తెలియని తన ఊపిరి కోసం చెన్నై నుంచి ముగ్గురు వచ్చి కూర్చున్నారంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. బస్సులో ఊరు చేరేదాకా ఎవరెవరినో తలుచుకుని దీవిస్తూనే ఉంది.

పంపులు రావడానికి వానాకాలం దాటింది. వచ్చిన రోజు నుంచి పొద్దునా సాయంత్రం మరిచిపోకుండా పీల్చింది. ఫలానా రోజని చెప్పలేం గానీ, కూతలు పలచబడుతూ వచ్చాయి, అయినా అలవాటు కొద్దీ రాత్రులు గోడకు ఆనే కూర్చునేది. ఒకనాటి మధ్యాహ్నం మేత వేసి వచ్చి, తిన్నె మీద కాస్త నడుం వాల్చింది. కూర్చుని కాదు, వెల్లకిలా, కాళ్ళు బారజాపి. గాలి చల్లగా వస్తోంది. రెప్పలు వాలిపోయాయి.

అశ్వత్థప్ప చేలోంచి ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తిన్నె మీద అక్కమ్మ నిలువునా పడుకుని ఉంది. చప్పుడు లేదు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెను అలా పడుకోగా చూడలేదు, ఆ కూత లేకుండా ఆమె పక్కన నిలబడలేదు. మోపు నేల మీద పడేసి, "అక్కమ్మా!" అని ఊరదిరేలా అరిచి ఆమె భుజాలు పట్టి ఊపేశాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఏమయ్యా, ఏమైంది? పురుగులకేమైనా అయిందా?"

"కూత... కూత వినపడలేదే" అని, తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి.

అక్కమ్మకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. పక్కకు జరిగి చోటిచ్చి, "రా, నువ్వు గూడా కొంచేపు పడుకో. ఆకు నేను మోసుకుంటాలే" అంది. ఆయన తిన్నె మీద వాలాడో లేదో, చంటిబిడ్డ మాదిరి నిద్రలోకి జారిపోయాడు. కాసేపటికి గురక మొదలైంది. పెళ్ళయినప్పటి నుంచి పక్కనే పడుకున్న మనిషి గురక పెడతాడని అక్కమ్మకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళూ తాను గోడకు ఆని కూర్చున్నప్పుడల్లా ఆయన కూడా కళ్ళు మూసుకుని మేలుకునే ఉన్నాడన్న మాట.